మూడు సెకండ్లు దాటని లేబుల్

మద్యం సీసా మీదుండే లేబుల్ని చూడడం వల్లే జనం తాగుడికి అలవాటు పడుతున్నారని ఒక ఉన్నత స్థాయి సంఘం ఏడాదిన్నర పాటు పరిశోధించి తేల్చింది. అంతవరకూ జనం సీసా లోపలున్నదాని కోసం తాగుతున్నారన్న అపోహ ఒకటి చలామణిలో ఉండేది. అది తొలగిపోవడంతో ప్రభుత్వానికి పని సులువైంది. లోపలున్నదాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు గానీ, పైనున్న కాగితాన్ని ఏమైనా చెయ్యొచ్చు.

ఆ పని మద్య సరఫరా మరియు నిరుత్సాహక శాఖకి అప్పగించారు. శాఖ ఒకటే, విభాగాలు రెండు. పొద్దుటిపూట సరఫరా విభాగం, ఈ నెల మద్యం ఎందుకింత తక్కువ అమ్ముడైందని డిపోల వాళ్ళని సంజాయిషీ అడుగుతుంది. భోజనాలయ్యాక అదే గదిలో, అవే కుర్చీల్లో కూర్చుని నిరుత్సాహక విభాగం, ఎందుకింత ఎక్కువ అమ్ముడైందని అడుగుతుంది. రెండు సంజాయిషీలూ రాసే గుమాస్తా ఒక్కడే కావడంతో ఇన్నేళ్ళలోనూ పెద్దగా తేడాలు రాలేదు.

శాఖ తీసిన సర్క్యులర్‌లో ఇలా ఉంది: "మద్యపు సీసాలపై అతికించబడు లేబుళ్ళు ప్రజలను ఆకర్షించని రీతిలో ఉండవలెను. ఆకర్షణ అనగా, ఒక సాధారణ పౌరుడు సదరు లేబుల్ వైపు మూడు సెకండ్లకు మించి చూచుట."

పెద్ద కంపెనీలకి ఇది వర్తించదు. వాళ్ళ సీసాల మీద సింహాలు గర్జిస్తున్నా, కోటల మీద జెండాలు రెపరెపలాడుతున్నా అవన్నీ పాత ఆమోదం కింద నడిచిపోతాయి. కొత్తగా నమోదైన చిన్న కర్మాగారాలకి మాత్రమే వర్తిస్తుంది. జిల్లాలో అలాంటిది ఒక్కటే ఉంది. అది కోరాడ హైమావతిది.

హైమావతి ఇరవై రెండేళ్ళు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ ఆవిణ్ణి ట్యూషన్లు చెప్పుకోమన్నారు. ఆవిడ చోళ్ళు, అంటే రాగులు, నానబోసింది. మొలకలు రప్పించి, ఎండబెట్టి, దోరగా వేయించి, మరపట్టించి, గంధవరం శివార్లో గోస్తనీ ఏటి వంతెన దాటాక ఖాళీగా పడున్న కొబ్బరిపీచు షెడ్డులో చోడి బీరు కాచింది. లైసెన్సు రావడానికి మూడేళ్ళు పట్టింది. బీరు కావడానికి మూడు వారాలు పట్టింది.

మొదటి బ్యాచ్ రెండువేల నాలుగువందల సీసాలు. షెడ్డులో పనికి కుదిరిన నూకరత్నమూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ కడగడం, నింపడం, చేత్తో మీట నొక్కి ఒక్కొక్క మూతా బిగించడం. నింపిన సీసాలు ఊళ్ళో చింతపండు కోల్డ్ స్టోరేజీలో ఓ మూల అద్దెకి దిగాయి.

ఇబ్బంది ఏమిటంటే, ఈ బీరుకి ఆయుష్షు నలభై అయిదు రోజులే. పెద్ద కంపెనీల వాళ్ళలా మరగబెట్టి, వడకట్టి, ఏళ్ళ తరబడి కూర్చోబెట్టే రకం కాదు. నలభై ఆరో రోజు నుంచి పులుపెక్కి, బీరు కావడం మానేస్తుంది. తొలి బ్యాచ్ ఆలోగా అమ్ముడవకపోతే లైసెన్సు దానంతటదే రద్దు. పోనీ తనే పట్టుకెళ్ళి ఎవరికైనా ఇద్దామంటే, ఒక్క సీసా కూడా నేరుగా ఇవ్వకూడదు. లేబుల్‌కి ఆమోదం పొంది, డిపోకి చేరి, డిపో నుంచి దుకాణానికి వెళ్ళాకే జనం నోట్లో పడాలి.

హైమావతికి లైసెన్సు బెంగ ఒకటైతే, లోపల ఇంకోటి ఉంది. తను కాచిన బీరు ఎలా ఉందో చెప్పగల మనిషి ఇంతవరకూ ఆవిడకి దొరకలేదు. రుచి చూసినవాడు ఒక్కడే, మొగుడు తవిటినాయుడు. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన ఆయన ఉప్మా తిన్నా, కషాయం తాగినా, చోడి బీరు తాగినా ఒకే గొంతుతో "బాగుంది" అంటాడు.

*

సీసాలు నింపిన ఎనిమిదో రోజున శాఖ ఆఫీసులో ఆకర్షణ నిర్ధారణ సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు సూపరింటెండెంటు పరాంకుశం. సభ్యుడు, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే డాక్టర్ గౌరీపతి. సెకండ్లు లెక్కపెట్టడానికి కానిస్టేబుల్ గురువులు. శాఖ దగ్గర స్టాప్‌వాచ్ లేకపోవడంతో, పరుగు పందాలకి వాడిన తన స్టాప్‌వాచ్ తవిటినాయుడే ఇచ్చాడు.

"శాఖ తరఫున ధన్యవాదములు" అన్నాడు పరాంకుశం. "అయితే ఈ సహకారమును మీ దరఖాస్తుకు అనుకూలాంశముగా పరిగణించజాలము."

సాధారణ పౌరుల కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. అదే ఆవరణలో పాసుపుస్తకాల ఆఫీసు, పింఛన్ల ఆఫీసు ఉన్నాయి. ఎప్పుడు చూసినా వంద మంది సాధారణ పౌరులు అక్కడ నిలబడే ఉంటారు.

మొదటి లేబుల్ మీద నిండుగా విరగకాసిన చోడి కంకి, దాని వెనక కొండ, కింద 'గోస్తనీ చోడి బీరు' అని పేరు. బోర్డులు రాసే ఆర్టిస్టు మనసు పెట్టి వేశాడు. ఒక రైతుని పిలిచి, బల్ల మీద సీసా పెట్టి చూడమన్నారు. చూశాడు. గురువులు బొత్తాం నొక్కాడు. పదకొండు సెకండ్లు.

"అంతసేపు ఎందుకు చూశావు?" అన్నాడు పరాంకుశం.

"తవరే సూడమన్నారు కదండీ బాబూ."

"చూడమన్నాం. ఇంతసేపు చూడమన్నామా?"

రైతు బెదిరిపోయాడు. "కంకి బాగా పట్టినాది బాబూ. గింజ బలంగుంది. ఏ ఇత్తనమో అడుగుదామని..."

'వ్యవసాయిక ఆకర్షణ' అని గౌరీపతి రాసుకున్నాడు. లేబుల్ తిరస్కరించబడింది.

కోల్డ్ స్టోరేజీలోంచి తెచ్చిన సీసా పది నిమిషాల్లో చెమట పట్టేస్తుంది. తుడవకుండా అంటిస్తే కాగితం జారిపోతుంది. పాత నూలుచీర గుడ్డలతో తుడిచి, ఆరబెట్టి, ఆడవాళ్ళు రెండువేల నాలుగువందల లేబుళ్ళు అప్పటికే అంటించేసి ఉన్నారు. ఇప్పుడవన్నీ తొట్లలో నానబెట్టి గోకాలి.

రెండో లేబుల్ తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. బొమ్మ లేదు, గీత లేదు. పింఛను కోసం వచ్చిన ఒక ముసలాయన సీసాని కళ్ళ దగ్గరగా పెట్టుకుని "గో... స్త... నీ..." అని కూడబలుక్కుంటూ చివరి దాకా చదివి, గెలిచినవాడిలా అందరి వంకా చూశాడు. ఒక నిమిషం పన్నెండు సెకండ్లు.

"అక్షరాస్యత అనేది ఆకర్షణకు తొలిమెట్టు" అన్నాడు గౌరీపతి.

"ఇట్టి లేబుల్ వలన వయోజన విద్య వ్యాపించునే గానీ మద్యపానము తగ్గదు. సదరు విద్య మన శాఖ పరిధిలోనిది కాదు" అని తేల్చాడు పరాంకుశం.

మూడోసారి హైమావతి ఏమీ లేని తెల్ల కాగితం అంటించి తీసుకెళ్ళింది. దాన్ని జనం వదల్లేదు. ముందు చూశారు, వెనక చూశారు, తిప్పి చూశారు. "ఏటీ లేదేటి?" అని ఒకడు పక్కవాణ్ణి పిలిచాడు. పక్కవాడు వెలుగుకి ఎత్తిపట్టి, రుద్ది, నాలుకతో తడిపి చూశాడు. ఎండలో పెడితే అక్షరాలు తేలతాయని వాడి అనుమానం. గురువులు అయిదు నిమిషాల దగ్గర స్టాప్‌వాచ్ ఆపేశాడు. టీకి వెళ్ళాలట.

నాలుగోసారి ఆవిడకి కోపం వచ్చింది. చెడిపోయిన కాలేయం బొమ్మ, దాని కింద ఎముకల గూడు. ఇంత అసహ్యమైన వస్తువు మీద చూపు నిలపగల మనిషి పుట్టడనుకుంది. పాసుపుస్తకాల వరస మొత్తం కదిలి వచ్చేసింది. ఒకావిడ ఇంటికి ఫోన్ చేసి తోటికోడల్ని కూడా రమ్మంది. మా చిన్నాన్నది అచ్చం ఇలాగే ఉండేదని ఒకడు, కాదు ఇంకాస్త నల్లగా ఉండేదని వాడి అన్న, అక్కడే వాదులాడుకున్నారు.

"భయానకము కూడా రసమేనమ్మా" అన్నాడు గౌరీపతి, జాలిగా. "రసము ఉన్నచోట ఆకర్షణ తప్పదు."

రోజులు చాలవని ప్రతిసారీ ఆమోదం రాకముందే అంటించేస్తున్నారు. షెడ్డులో నూకరత్నం తొట్టి ముందు కూర్చుని నాలుగోసారి గోకుతోంది. "ఏటమ్మా ఇది? నిన్న అంటించినాం, నేడు పీకేత్తన్నాం, రేపు మల్లీ అంటించాల. నా గోళ్ళు అరిగిపోనాయి గానీ ఒక్క బొట్టు ఎవుడి గొంతులోనూ పడనేదు. అసలు ఆళ్ళకేటి కావాలమ్మా?"

"ఎవరూ చూడని లేబుల్ కావాలట."

"ఎవులూ సూడకపోతే ఇంక అంటించడం దేనికి?"

హైమావతి తనూ ఒక సీసా తీసుకుని గోకడం మొదలుపెట్టింది. ఇరవై ఆరు రోజులు గడిచిపోయాయి.

*

ఇరవై ఏడో రోజు పొద్దున్న ఆవిడ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుంది. గడువు పెంచమని అడగడానికి వచ్చింది. సూపరింటెండెంటుగారు సరఫరా విభాగం సమావేశంలో ఉన్నారు, తర్వాత నిరుత్సాహక విభాగం సమావేశంలో ఉంటారు అని చెప్పారు.

సంచీలో సీసా చెమట పడుతోంది. పక్కనే కట్టలు కట్టలుగా పడున్న పాత ఫారాల్లోంచి ఒకటి లాగి, దాన్ని సీసాకి చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. గంట గడిచింది. ఎదురుగా రెండొందల మంది తిరుగుతున్నారు. అప్పుడు గమనించిందావిడ. సీసా వైపు ఎవరూ చూడడం లేదు. చూపు దాని మీద పడగానే, చూపే భయపడ్డట్టు పక్కకి తప్పుకుంటోంది.

ఏమిటా అని తనే చూసింది. ఫారం పంతొమ్మిది. 'త్రైమాసిక నిల్వ వివరముల ధ్రువీకరణ పత్రము.' ముప్ఫై రెండు గళ్ళు. తనకీ రెండో గడి దగ్గరే కళ్ళు మూసుకుపోయాయి.

హైమావతి నవ్వలేదు. తల వంచుకుని, చాలా వినయంగా లోపలికి వెళ్ళింది.

"లేబుల్‌గా మా ఫారమా?" అన్నాడు పరాంకుశం. సంతోషించాలో, కోప్పడాలో తేలక ఆయన మొహం రెండు విభాగాలైంది. మా ఫారాన్ని జనం చూడరు అని ఒప్పుకుంటే శాఖకి అవమానం. చూస్తారు అంటే నేరం.

"పరీక్షించి చూడండి" అంది హైమావతి.

పరీక్షించారు. పది మంది పౌరులు. సగటున అర సెకండు. ఒకతను దాన్ని చూడగానే వెనక్కి తిరిగి, తను వచ్చిన పని కూడా మానుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. గౌరీపతి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఇరవై ఏళ్ళ నా వృత్తి జీవితంలో ఇంత సంపూర్ణమైన నిరాకర్షణను నేను చూడలేదు."

లేబుల్ ఏకగ్రీవంగా ఆమోదించబడింది. ఫారం పెద్దది, సీసా చిన్నది కావడంతో అక్షరాల సైజు తగ్గించినా సీసాకి రెండు చుట్లు తిరిగి, ఇంకా జానెడు తోకలా వేలాడింది. ఆ తోకలోనే సాక్షుల సంతకాల గళ్ళున్నాయి కాబట్టి కత్తిరించడానికి వీల్లేదన్నారు. ముప్ఫై ఒకటో రోజున తవిటినాయుడు ఈల ఊది మరీ సీసాలన్నిటినీ వ్యాను ఎక్కించాడు. చోడి బీరు డిపోకి చేరింది. డిపో నుంచి ఆరు దుకాణాలకి వెళ్ళింది.

*

రెండు రోజుల దాకా ఎవరూ దాని వైపు చూడలేదు. మూడో రోజున ఒక మనిషి చూశాడు. మామూలుగా తాగే బీరు అయిపోయి, దుకాణంలో ఉన్నది ఇదొక్కటే అయింది. తోక పట్టుకుని చదివాడు.

"ఇది నింపాలేటి?" అనడిగాడు.

దుకాణదారు సూరిబాబు ఎవరితోనూ ఎందుకొచ్చిన గొడవ అనుకునే మనిషి. "నింపితే మంచిదే" అన్నాడు.

ఆ మనిషి నింపాడు. మన మనుషులు వేలాడే కరెంటు తీగని ముట్టుకోకుండా ఉండగలరేమో గానీ, ఖాళీ గళ్ళున్న కాగితాన్ని నింపకుండా ఉండలేరు. పేరు, తండ్రి పేరు, డోరు నెంబరు, నిల్వ యొక్క స్వభావము. 'నిల్వ తగ్గుటకు కారణములు' అన్నచోట 'మా బావ' అని రాశాడు. ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. లేబుల్ జాగ్రత్తగా ఊడదీసి, సీసా దుకాణంలోనే మరిచిపోయి, ఆధార్ జిరాక్సు జతచేసి, మర్నాడు శాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

రసీదు ఇచ్చారు. అక్కడే వచ్చింది చిక్కంతా. రసీదు ఇచ్చారంటే జనం లెక్కలో అది ప్రభుత్వ పథకమే.

ముప్ఫై ఆరో రోజున తన బీరు అమ్ముడవుతోందని విని హైమావతి సూరిబాబు దుకాణానికి వెళ్ళింది. వరస వీధి మలుపు దాకా ఉంది. అందులో సగం మంది ఆడవాళ్ళు. పసుపు రాసుకున్న కాళ్ళతో, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రేషన్ కార్డు, రెండు ఫొటోలు. అయ్యప్ప మాలలో ఉన్న ఒకాయన చెప్పులు లేకుండా నిలబడ్డాడు. ఎదురుగా కొత్తగా జిరాక్సు బండి వెలిసింది.

హైమావతి వరసలో ఒక ముసలావిడ వెనక నిలబడింది. ఆవిడ పేరు ఎల్లాయమ్మ.

"ఏ పథకం పిన్నీ ఇది?"

"ఏమోనమ్మా. ముందల ఫారం ఇచ్చీసినాక సెప్తారు. పేరు ముందల సెప్పిన పథకం ఏటన్నా వచ్చిందేటి మనకి?"

"ఇది పథకం కాదు పిన్నీ. బీరు. చోళ్ళతో చేసింది. తాగడానికి."

ఎల్లాయమ్మ ఆవిణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. "నీకు ముందలే వచ్చీసుంటాది. అందుకే వద్దంతన్నావు. లైను తప్పించకు తల్లీ, నానూ పొద్దున్నే వచ్చినాను."

తన వంతు రాగానే ఎల్లాయమ్మ డబ్బులిచ్చి సీసా అందుకుని, గోళ్ళతో లేబుల్ ఒడుపుగా ఊడదీసి, సీసాని తిరిగి బల్ల మీదే పెట్టేసింది. "ఇది నువ్వే ఉంచీసుకో నాయనా" అంది. ఆవిడ వెనకాల వాళ్ళూ అంతే. ఒకావిడ మాత్రం జుట్టుకి మంచిదట అని రెండు పట్టుకెళ్ళింది.

"అమ్మా, మీదేనా ఈ సరుకు?" సూరిబాబు హైమావతిని పక్కకి పిలిచాడు. "ఇక్కడే కాదు, ఆరు దుకాణాల్లోనూ మొత్తం అమ్ముడైపోయింది. ఒక్కటీ కదల్లేదు. ఫ్రిజ్జులు రెండూ బోసి సీసాలే. లేబుల్ లేని సీసా ఉంచితే కేసు, పారబోస్తే కేసు. నేనేం చెయ్యాలి?"

హైమావతి ఫ్రిజ్జు తలుపు తీసి చూసింది. ఒంటి మీద కాగితం ముక్క లేకుండా, వరసలు వరసలుగా తన బీరు. మూతలు తను చూస్తుండగా బిగించినవే. చెమట పట్టి, నిలబడి, ఎదురు చూస్తున్నట్టున్నాయి. లైసెన్సు దక్కింది. అమ్ముడైపోయిందని ఎవరికి చెప్పినా అభినందిస్తారు. కానీ ఇంకో తొమ్మిది రోజుల్లో ఈ సీసాల్లో ఉన్నదంతా, ఎవరి నాలుకకీ తెలియకుండానే పులిసిపోతుంది. ఆవిడకి ఫ్రిజ్జు తలుపు వెయ్యబుద్ధి కాలేదు. సూరిబాబే వేశాడు.

ఇంటికొచ్చి మొగుడికి చెప్తే ఆయన మీసం దువ్వుకుని, చాలాసేపు ఆలోచించి, "అమ్ముడైందిగా హైమా, బాగుంది" అన్నాడు. ఆవిడ ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు. ఆయన తిని, బాగుందన్నాడు.

*

ముప్ఫై తొమ్మిదో రోజున శాఖ నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి వరండా నిండా ఫారాలు. బెంచీల మీద, బెంచీల కింద, మెట్ల మీద. గురువులు స్టాంపు కొట్టి కొట్టి మణికట్టుకి గుడ్డ చుట్టుకున్నాడు. ఏ ఒక్కదాన్నీ తిరస్కరించడానికి వీల్లేదు. శాఖ సొంత ఫారం, అన్ని గళ్ళూ నింపి ఉంది, ఇద్దరు సాక్షులున్నారు. ఇంత పద్ధతిగా నింపిన ఫారాలు శాఖ పుట్టిన తర్వాత రాలేదు.

తిడతారనుకుంది హైమావతి. పరాంకుశం లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, తమరు శాఖ చరిత్రలో నూతనాధ్యాయము. సరఫరా విభాగము నివేదిక ప్రకారము తమ సరుకు నూటికి నూరు శాతము అమ్ముడైనది. నిరుత్సాహక విభాగము నివేదిక ప్రకారము సదరు సరుకును త్రాగినవారు శూన్యము. ఈ రెండు విభాగములు ఒకే రోజున సంతోషించుట ఇదే ప్రథమము."

"ధన్యవాదాలండి. కానీ లోపలున్న బీరు..."

"ఆ విషయమే మాట్లాడుటకు పిలిపించితిమి. తదుపరి విడత పది వేల సీసాలు కావలెను. అయితే, ప్రజలు లోపలి పదార్థమును వినియోగించుట లేదని నిరూపణ అయినది గనుక, ఇకపై దానిని నింపవలసిన అవసరము కనబడుట లేదు."

"దేన్నండీ?"

"బీరును."

"బీరు లేకుండా బీరు సీసా ఎలాగండీ?"

"తమకు శ్రమ తగ్గును" అన్నాడు పరాంకుశం, దయగా. గౌరీపతి తలూపాడు. "కాలేయానికి కూడా."

"రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు ఖాళీ సీసాల్ని బీరు అంటే ఒప్పుకుంటారాండీ? తర్వాత నా మీదికొస్తుంది. ఏది బీరో, ఏది కాదో తమరు రాతపూర్వకంగా ఇస్తే..." అంది హైమావతి. కెమిస్టు కదా, ముందు నిర్వచనం అడగడం ఆవిడకి అలవాటు.

ఆ మాట పరాంకుశానికి నచ్చింది. నాలుగు రోజులు కూర్చుని, అయిదు చిత్తుప్రతులు రాసి, సంతకం చేశాడు. నలభై మూడో రోజు సాయంత్రం ఉత్తర్వు హైమావతి చేతికొచ్చింది.

"శాఖచే ఆమోదించబడిన లేబుల్ గల సీసా, అందు ఏమి యున్నదీ, అసలు ఏమైననూ యున్నదా లేదా అను దానితో నిమిత్తము లేకుండ, బీరుగా పరిగణించబడును. లేబుల్ లేనిది ఎట్టి పరిస్థితులలోనూ బీరుగా పరిగణించబడదు."

మొదటి వాక్యం ఒకసారి చదివింది. రెండోది నాలుగుసార్లు చదివింది. ఉత్తర్వు మడిచి జాకెట్టులో పెట్టుకుని, "ఏమండీ, వ్యాను తియ్యండి" అంది.

*

ఆ మర్నాడంతా వ్యాను ఆరు దుకాణాలూ తిరిగింది. సూరిబాబు వాళ్ళిద్దరికీ కాఫీ ఇచ్చి, దగ్గరుండి బోసి సీసాలన్నీ ఎక్కించాడు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఏమిటి ఇవన్నీ అని అడిగారు. తవిటినాయుడు జన్మలో అబద్ధమాడని మనిషి. "బీరు కాదండి" అన్నాడు. ఉత్తర్వు చూపించాడు. సెల్యూట్ కొట్టి పంపారు.

నలభై అయిదో రోజు, ఆదివారం. షెడ్డు గేటు ముందు కొబ్బరాకుల పందిరి వేసి, రెండు తొట్ల నిండా ఐసు వేసి, అందులో బోసి సీసాలు ముంచారు. బోర్డు పెట్టలేదు. బోర్డు పెడితే మళ్ళీ ఎవరైనా సెకండ్లు లెక్కపెడతారు. నూకరత్నం మాత్రం వంతెన మీదుగా పోయే ప్రతి సైకిల్నీ, ఆటోనీ ఆపి, "రండి బాబూ, ఊరికే తాగండి, కాయితం నేదు, సంతకం నేదు" అని కేకేసింది.

సంతకం లేదనేసరికి మొదట ఎవరూ నమ్మలేదు. పదకొండు గంటలకి ఎల్లాయమ్మ వచ్చింది, తన ఫారం సంగతి ఏమైందో కనుక్కుందామని. హైమావతి ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. ఎర్రటి బీరు, పైన నురగ. ఎల్లాయమ్మ వాసన చూసింది. ఒక గుక్క పట్టి, నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది.

హైమావతి పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"చోడి అంబలే" అంది ఎల్లాయమ్మ. ఇంకో గుక్క తాగింది. "అంబలే గానీ, కాసింత రోషమెక్కువ. గింజ ఏపడం ఒక్క పిసరు ఎక్కువైనట్టుంది. ఇంకోపాలి తగ్గించు."

నిజమే. ఒక్క పిసరు ఎక్కువైంది. ఆ సంగతి హైమావతికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఇంకొకరి నోట వినడానికి నలభై అయిదు రోజులు పట్టింది. ఆవిడ తవిటినాయుడి వైపు చూసింది. ఆయన సీసా మూతలు లెక్కగా తీస్తూ, ఇటు చూడకుండా, "నాకూ అదే అనిపించింది గానీ..." అన్నాడు.

మధ్యాహ్నానికి జనం కమ్ముకున్నారు. మొదటి పరీక్షకి వచ్చిన రైతు, జిరాక్సు బండివాడు, మణికట్టుకి గుడ్డతో గురువులు. గోస్తనీ ఒడ్డున గడ్డిలో కూర్చుని తాగారు, వాదులాడుకున్నారు, ఇంకోటి అడిగారు. ఎవరూ సీసా చూడలేదు. చూడడానికి దాని మీద ఏమీ లేదు.

నాలుగింటికి జీపు ఆగింది. పరాంకుశం దిగాడు.

"ఏమి జరుగుచున్నది ఇచ్చట?"

"ఏమీ లేదండి" అంది హైమావతి.

"వీరందరు త్రాగుచున్నది బీరు కాదా?"

ఆవిడ ఉత్తర్వు తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, చివరి వాక్యం దాకా చదివాడు.

"ఇది ఎవరి సంతకము?"

"తమరిదేనండి."

"మరి ఇది బీరు కాని యెడల, మరేమిటి?"

"ఆ నిర్ణయం తమరే చెయ్యాలండి. నా చదువు చాలదు" అంటూ గ్లాసు అందించింది.

పరాంకుశం గ్లాసు పట్టుకుని రెండు విభాగాల తరఫునా ఆలోచించాడు. అటూ ఇటూ చూశాడు. గురువులు మర్యాదగా ఏటి వైపు తిరిగి కూర్చున్నాడు. సూపరింటెండెంటుగారు గ్లాసు ఎత్తి, ఒక్క బిగిన తాగి, మీసాలకంటిన నురగ తుడుచుకోవడం మరిచిపోయాడు.

"ఇంత స్వల్ప పరిమాణముతో నిర్ధారణకు వచ్చుట సాధ్యము కాదు" అని గ్లాసు చాపాడు.

నూకరత్నం అప్పటికే ఇంకో సీసా మూత తీసేసింది.